మే నెలకి తగ్గ కూలర్: ఓవర్‌క్లాక్ చేసే ప్రాసెసర్‌కి గాలా, నీళ్లా?

మాది విజయవాడ. రెండో అంతస్తు, పైన ఇక డాబానే. కట్టబోయే ఇళ్లకు త్రీడీ బొమ్మలు తయారుచేసి బిల్డర్లకు ఇవ్వడం నా పని. ఒక్కో రెండర్, అంటే కంప్యూటర్ ఆ బొమ్మను పూర్తిగా తయారుచేసే పని, రెండు మూడు గంటలు నడుస్తుంది, అంతసేపూ ప్రాసెసర్ వంద శాతం లోడ్ మీదే ఉంటుంది. నాది ఇంటెల్ ఐ5 13600కె. రెండు టవర్ల ఎయిర్ కూలర్ పెట్టి, ఒక జనవరిలో దాన్ని 5.1 నుంచి 5.3 గిగాహెర్ట్జ్‌కి ఓవర్‌క్లాక్ చేశాను, అంటే కంపెనీ పెట్టిన వేగం దాటించాను. పూర్తి లోడ్ మీద 87 డిగ్రీల దగ్గర నిలబడింది. పర్లేదనుకున్నాను.

మే రెండో వారంలో అదే సెట్టింగ్‌తో అలాంటి రెండరే పెడితే 100 డిగ్రీలు తాకింది. ఆ ప్రాసెసర్‌కి అదే హద్దు. అక్కడికి చేరగానే తనే వేగం తగ్గించుకుంటుంది. రాత్రి పదింటికి పంపాల్సిన ఫైలు ఒంటిగంటకు పంపాను. మా బాబాయి కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్‌లో, "అక్కా, లిక్విడ్ కూలర్ వేసేయ్, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. చాలామంది ఇచ్చే సలహా ఇదే. డబ్బు తీసే ముందు లెక్క వేద్దామని కూర్చున్నాను. ఆ లెక్కే ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఒక విషయం. గాలి కూలర్ అయినా, నీళ్ల కూలర్ అయినా చివరికి వేడిని వదిలేది గదిలోని గాలిలోకే. ఎయిర్ కూలర్‌లోని రాగి గొట్టాల్లో కొద్దిగా ద్రవం ఉంటుంది. ప్రాసెసర్ వేడికి అది ఆవిరై పైకి పోయి, అల్యూమినియం రెక్కల దగ్గర చల్లబడి, మళ్లీ ద్రవమై కిందికి చేరుతుంది. లిక్విడ్ కూలర్‌లో పంపు నీటిని రేడియేటర్ దాకా తోస్తుంది, అక్కడ ఫ్యాన్లు ఆ వేడిని ఊదేస్తాయి. రెండింటిలో ఏదీ ప్రాసెసర్‌ని గది వేడి కంటే చల్లగా చేయలేదు. జనవరిలో నా గది 25 డిగ్రీలు, మేలో 38. ఆ 13 డిగ్రీల తేడా నేరుగా ప్రాసెసర్ మీద పడింది. కూలర్‌లో ఏ లోపమూ లేదు.

మీ అంకె కనుక్కోండి

గదిలో మామూలు థర్మామీటర్ ఒకటి పెట్టండి. క్యాబినెట్ గాలి పీల్చుకునే వైపు, ఒక అడుగు దూరంలో. ప్రాసెసర్ వేడి, వాట్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి ఉంచి, మీరు రోజూ చేసే బరువైన పనే నడపండి. నాకైతే బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో రెండర్. పనికి బదులు ప్రాసెసర్‌ని పరీక్షించే సినీబెంచ్ ప్రోగ్రామ్‌ని అరగంట తిప్పినా సరే. వేడి పెరగడం ఆగి ఒకచోట నిలబడ్డాక మూడు అంకెలు రాసుకోండి: ప్రాసెసర్ వేడి, గది వేడి, సీపీయూ ప్యాకేజ్ పవర్ అని చూపించే వాట్లు.

ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేసి, మిగిలిన దాన్ని వాట్లతో భాగించండి. నాకు జనవరిలో 87లోంచి 25 పోగా 62, అప్పుడు లాగిన కరెంటు 200 వాట్లు. 62ని 200తో భాగిస్తే 0.31. అంటే ఒక్కో వాట్‌కి 0.31 డిగ్రీ చొప్పున వేడి పెరుగుతోంది. ఇది మీ ప్రాసెసర్, మీ కూలర్, మీ క్యాబినెట్ కలిసిన జోడీకి చెందిన అంకె. నా అంకె మీకు పనికిరాదు, మీ అంకె మీరే తీసుకోవాలి.

ఇక మే నెలను లెక్కలోకి తేవడం తేలిక. గది 38, దానికి 200 ఇంటూ 0.31, అంటే 62 కలపండి. సరిగ్గా 100. జనవరిలోనే ఈ రెండు లైన్లు కాగితం మీద వేసి ఉంటే ఆ రాత్రి టెన్షన్ ఉండేది కాదు. మీ ఊళ్లో ఏసీ లేని గది మే మధ్యాహ్నం ఎంతకు చేరుతుందో మీకు తెలుసు. ఆ అంకెతోనే లెక్క వేయండి. కొత్త సిస్టమ్‌లు ఎక్కువగా దసరా దీపావళి ఆఫర్లలో కొంటాం, చల్లటి రోజుల్లో పరీక్షిస్తాం, మోసపోయేది అక్కడే.

ఓవర్‌క్లాక్ ఎంత వేడి పెంచుతుంది?

చిప్ తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది. వోల్టేజ్‌తో మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. నేను 5.1 నుంచి 5.3కి వెళ్లడానికి 1.20 వోల్టులను 1.30 చేయాల్సి వచ్చింది. వేగం పెరిగింది 4 శాతం. వోల్టేజ్ వర్గం 17 శాతం పెరిగింది. రెండూ కలిపితే 22 శాతం ఎక్కువ వాట్లు. 165 దగ్గర ఉన్నది 200 అయింది. మూడు గంటల రెండర్‌లో ఆ 4 శాతంతో మిగిలేది ఏడు నిమిషాలు.

ఇది చూశాక నేను రెండో వైపు కూడా ప్రయత్నించాను. 5.1 వేగాన్ని అలాగే ఉంచి వోల్టేజ్‌ని 1.15కి దించితే 151 వాట్లకు వచ్చింది, సిస్టమ్ నిలకడగానే నడిచింది. 151 ఇంటూ 0.31 అంటే దాదాపు 47. మే గదికి కలిపితే 85 డిగ్రీలు. కొత్త కూలర్ లేకుండా, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. ప్రతి చిప్ ఇంత దిగుతుందని కాదు, కొన్ని 1.18 దగ్గరే క్రాష్ అవుతాయి. ఒక్కో మెట్టూ దించుతూ, ప్రతి మెట్టు దగ్గరా గంటసేపు పరీక్షిస్తూ పోవాలి. కూలర్ కొనే ముందు ఈ పని తప్పకుండా చేయమని నేను అందరికీ చెబుతాను.

ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ ఉన్నవాళ్లు ఓవర్‌క్లాక్ ఊసెత్తే ముందు మదర్‌బోర్డు బయాస్ (వేగం, వోల్టేజ్ సెట్టింగులు ఉండే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకోండి. వీటిలో కొన్ని ప్రాసెసర్లకు వోల్టేజ్ అతిగా అంది చిప్ దెబ్బతినే సమస్య ఉందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, బయాస్ అప్‌డేట్‌తో వచ్చే సర్దుబాటు మైక్రోకోడ్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. పాత బయాస్ మీద వోల్టేజ్ పెంచితే ఏ కూలరూ కాపాడలేదు.

లిక్విడ్ పెట్టి చూస్తే

తమ్ముడు తన ఐ9 14900కె కోసం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 360 మి.మీ. రేడియేటర్ ఉన్న లిక్విడ్ కూలర్ కొన్నాడు. ఇక్కడికి పెళ్లికి వస్తూ దాన్ని తీసుకొచ్చి నాలుగు రోజులు నాకు వదిలాడు. సాకెట్ ఒకటే కాబట్టి నా సిస్టమ్‌కి బిగించాను. 5.3 గిగాహెర్ట్జ్, 200 వాట్లు, గది 38 డిగ్రీలు. ఐదు నిమిషాలకు 81. ఎంత బావుందో అనుకున్నాను. పది నిమిషాలకు 85 అయింది. పాతిక నిమిషాలు దాటాక 90 దగ్గర నిలబడింది.

నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. గొట్టాల్లో, రేడియేటర్‌లో తిరిగే నీరంతా వేడెక్కే వరకూ కూలర్ గొప్పగా కనిపిస్తుంది. అందుకే ఐదు నిమిషాల పరీక్షలతో చేసిన పోలికలను నేను నమ్మను. గేమ్‌లు ఆడేవాళ్లకు, లోడ్ వచ్చి పోతూ ఉండేవాళ్లకు ఈ గుణం నిజంగా లాభమే, ఫ్యాన్లు ఊరికే గోల పెట్టవు. నాలా గంటల తరబడి రెండర్ చేసేవాళ్లకు చివర్లో నిలబడే అంకె ఒక్కటే ముఖ్యం. నా లెక్కలో అది 0.26. అంటే 200 వాట్ల దగ్గర గాలికీ నీటికీ తేడా 10 డిగ్రీలు. తేడా ఉంది, కాదనను. ఎయిర్ కూలర్‌కి నేను పెట్టింది 3,600 రూపాయలు, అతను లిక్విడ్‌కి పెట్టింది 9,500.

240 మి.మీ. లిక్విడ్ సంగతి అడిగితే, మంచి రెండు టవర్ల ఎయిర్ కూలర్‌ని దాటి అది చేసేది తక్కువ. క్యాబినెట్‌లో పొడవాటి టవర్ పట్టకపోతే తప్ప నేను దాని జోలికి పోను. లిక్విడ్ కావాలంటే 360కే వెళ్లండి.

ఏది ఎవరికి

నా మాట ఇది. ఎక్కువసేపు నడిచే లోడ్ మీద 170 వాట్ల లోపు ఉంటే ఎయిర్ కూలర్, ఆలోచన అక్కర్లేదు. ఐ7 14700కె, ఐ9 14900కె లాంటివి ఓవర్‌క్లాక్ లేకుండానే 253 వాట్ల దాకా వెళ్లగలవు. వాటిని ఇంకా పెంచుతానంటే 360 లిక్విడ్ కావాలి, పనిచేసే గదిలో ఏసీ కూడా కావాలి. ఏసీ లేకుండా మా ఊరి మే నెలలో ఆ పని వద్దు. మధ్యలో ఉన్నవాళ్లు తమ అంకెతో లెక్క వేసి, మే నెలలో ప్రాసెసర్ వేడి 90 దాటితేనే లిక్విడ్ వైపు చూడాలి.

ఏఎండీ ప్రాసెసర్ ఉన్నవాళ్లకు కొంచెం వేరే దారి. రైజెన్ 7000 వరుసలో 7700ఎక్స్, 7950ఎక్స్ లాంటివి పూర్తి లోడ్ మీద 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడ నడిచేలా తయారయ్యాయి. కూలర్ బావుంటే వేడి తగ్గడానికి బదులు వేగం పెరుగుతుంది. కాబట్టి అక్కడ డిగ్రీలు చూసి కంగారుపడకండి, వేగం ఎంత నిలబడుతోందో చూడండి. పైగా వేడి పుట్టే చిప్‌లెట్, అంటే ప్రాసెసర్ లోపలి చిప్ ముక్క, చాలా చిన్నది. అంత చిన్నచోటు నుంచి వేడి బయటికి రావడమే కష్టం, కూలర్ ఎంత పెద్దదైనా ఒక హద్దు దాటాక లాభం ఉండదు. బయాస్‌లోని కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగ్‌తో వోల్టేజ్ దించడమే వీటికి మంచి ఓవర్‌క్లాకింగ్.

కొనే ముందు, బిగించేటప్పుడు

ఎయిర్ కూలర్ అయితే టేపు పట్టుకుని ప్రాసెసర్ నుంచి క్యాబినెట్ సైడు అద్దం దాకా ఎంత ఖాళీ ఉందో కొలవండి. నాక్టువా ఎన్‌హెచ్-డి15 ఎత్తు 165 మి.మీ., డీప్‌కూల్ ఏకే620 160, థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్ఈ 155. ఐదు మిల్లీమీటర్ల దగ్గర సైడు అద్దం మూతపడక కూలర్ వాపసు ఇచ్చినవాళ్లు ఉన్నారు. ర్యామ్ ఎత్తుగా ఉంటే ముందు ఫ్యాన్ దానికి తగులుతుంది, అదీ చూసుకోండి. పెద్ద టవర్ కిలో దాటి బరువు ఉంటుంది. ఊరు మారేటప్పుడు దాన్ని విప్పి విడిగా ప్యాక్ చేయండి, బస్సు కుదుపులకు ఆ బరువంతా మదర్‌బోర్డు మీద పడుతుంది.

లిక్విడ్ అయితే రేడియేటర్ క్యాబినెట్ పైభాగంలో ఉండాలి. ముందు భాగంలో పెట్టాల్సి వస్తే రేడియేటర్ పై అంచు పంపు కంటే ఎత్తులో, గొట్టాలు కిందివైపు ఉండాలి. లోపల కాస్త గాలి ఎప్పుడూ ఉంటుంది, అది ఎత్తైన చోటికే చేరుతుంది. పంపు ఎత్తులో ఉంటే ఆ గాలి పంపులోకే వస్తుంది. మా వీధిలో ఒకబ్బాయికి షాపువాళ్లు రేడియేటర్‌ని కింద బిగించి ఇచ్చారు. రోజంతా గుడగుడ శబ్దం, ఏడాదిన్నరకు పంపు ఆగిపోయింది. బిగించి ఇచ్చినవాళ్లు ఎంత పెద్ద షాపు వాళ్లయినా మూత తీసి మీరే చూసుకోండి.

పంపు ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగేలా బయాస్‌లో పెట్టండి, వేడిని బట్టి మారాల్సింది ఫ్యాన్లు మాత్రమే. ఎయిర్ టవర్ ఫ్యాన్ గాలి పక్కనే ఉన్న వీఆర్ఎం భాగాలకు, అంటే ప్రాసెసర్‌కి సరైన వోల్టేజ్ అందించే భాగాలకు కూడా తగులుతుంది. లిక్విడ్ పెడితే ఆ గాలి పోతుంది. ఓవర్‌క్లాక్‌లో వీఆర్ఎం బాగా కాలుతుంది కాబట్టి వెనక ఒక ఫ్యాన్ తప్పనిసరి. ఇలా మూసేసి అమ్మే లిక్విడ్ కూలర్‌లో నీరు ఏళ్ల తరబడి గొట్టాల గుండా కొద్దికొద్దిగా తగ్గుతుంది, మళ్లీ పోయడానికి వీలుండదు. కాబట్టి వారంటీ ఐదారేళ్లు ఉన్నదే తీసుకోండి. ఎయిర్ కూలర్‌లో పాడయ్యేది ఫ్యాన్ ఒక్కటే, అది ఎక్కడైనా దొరుకుతుంది.

ఏది బిగించినా కూలర్ అడుగున అంటించి ఉండే ప్లాస్టిక్ పొర తీశారో లేదో రెండుసార్లు చూడండి. థర్మల్ పేస్ట్ బఠానీ గింజంత చాలు. స్క్రూలు ఒకే మూల పూర్తిగా బిగించకుండా ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా తిప్పండి. నెలకోసారి బ్లోయర్‌తో దుమ్ము దులపండి, అప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోవాలి.

తమ్ముడి కూలర్ తిరిగి ఇచ్చేసి నేను ఎయిర్‌కే వచ్చాను. బయాస్‌లో ఇప్పుడు రెండు ప్రొఫైళ్లు ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా 5.3, 1.30 వోల్టులు. ఉగాదికి ముందు 5.1, 1.15కి మారుస్తాను, రోహిణి కార్తె వెళ్లి వానలు పడ్డాక కూడా దాన్నే ఉంచుతాను, ఉక్కపోత ఆగదు కాబట్టి. థర్మామీటర్ మాత్రం ఇంకా క్యాబినెట్ పక్కనే ఉంది.