మధ్యయుగ ఆంగ్ల సాహిత్యంలో నరమాంస భక్షణ: వ్యాసం రాసే తీరు

గుంటూరు, విజయవాడ కళాశాలల్లో ఎం.ఏ. ఇంగ్లీషు చదివేవారు ఈ అంశంపై సెమినార్ పత్రం తలపెడితే, బేవుల్ఫ్ అనే ప్రాచీన ఆంగ్ల కావ్యంలోని రాక్షసుడు గ్రెండెల్ జోలికి ముందుగా వెళ్లకపోవడం మంచిది. రాక్షసుడు మనిషిని తినడంలో వింత లేదు కనుక, కథానాయకుడే తిన్న చోటు నుంచి, అంటే ఇంగ్లండు రాజు మొదటి రిచర్డ్‌పై అల్లిన ‘రిచర్డ్ కోర్ డి లయన్’ అనే పద్య వీరగాథ నుంచి మొదలుపెట్టండి. ఈ ఘట్టాలు దాని దీర్ఘ పాఠంలోనే ఉన్నాయి కాబట్టి, చేతిలో ఉన్నది ఏ పాఠమో ముందే చూసుకోవాలి.

తరువాత ఒక్క సన్నివేశాన్ని పట్టుకుని నిదానంగా చదవండి. క్రూసేడ్లలో, అంటే జెరూసలేం ప్రాంతం కోసం క్రైస్తవులు ముస్లింలతో చేసిన యుద్ధాల్లో, ఆకర్ అనే కోట పట్టణం ముట్టడిలో జబ్బుపడిన రిచర్డ్ పందిమాంసం కావాలంటాడు. అది దొరకక, ఒక ముసలి యోధుడి సలహాపై బలిసిన సారసెన్ (ముస్లిం) యువకుణ్ణి కోసి, కుంకుమపువ్వు వేసి వండి పెడతారు. కోలుకున్న రాజు ఆ పంది తలను కూడా తెమ్మంటే, వంటవాడు వణుకుతూ నల్లని గడ్డం, తెల్లని పళ్లు ఉన్న మనిషి తలను చూపిస్తాడు. రాజు నవ్వుతాడు. నా దృష్టిలో వ్యాసమంతా ఆ నవ్వు చుట్టూనే తిరగాలి. తరువాతి విందులో శత్రుపక్షపు సుల్తాను సలాదిన్ రాయబారుల ముందు, వారి బంధువుల ఉడికించిన తలలను పేరు చీటీలతో సహా పెట్టించేటప్పుడు మాత్రం రాజు అన్నీ తెలిసే తింటాడు.

ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న ఈ ప్రశ్నకు మన చిరుతొండ నంబి కథ బాగా అక్కరకొస్తుంది. కొండవీటి ఆస్థానంలో వెలిగిన శ్రీనాథుడి ‘హరవిలాసం’లో తల్లిదండ్రులు తెలిసే కొడుకును వండుతారు, అయితే అక్కడ అది భక్తికి పరీక్ష, ఇక్కడ శత్రువుకు అవమానం. పోలికను ఒక పేరాకు మించి సాగదీయకండి.

చరిత్రను ఆ తరువాతే తీసుకురావాలి. 1098లో సిరియాలోని మఅర్రా పట్టణం వద్ద ఆకలికి తాళలేక క్రూసేడర్లు శవాలను తిన్నారని వారి పక్షం చరిత్రకారులే రాశారు. 1191లో ఆకర్ వద్ద రిచర్డ్ దాదాపు 2,700 మంది బందీలను చంపించాడు. ఈ రెండింటి నీడ ఆ విందుపై పడిందని వాదించవచ్చు గాని, రిచర్డ్ నిజంగానే తిన్నాడని మాత్రం రాయకూడదు.

చివరగా, కవులు వదిలేసినది కూడా చూడండి. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన ఫిలొమెలా కథలో ఆమె, ఆమె అక్క కలిసి తండ్రికి కొడుకు మాంసం వడ్డిస్తారు. మధ్యయుగ ఆంగ్ల కవి చాసర్ తన ‘లెజెండ్ ఆఫ్ గుడ్ విమెన్’లో అక్కచెల్లెళ్లు కలుసుకోగానే కథ ఆపేసి, ఆ వడ్డనను పూర్తిగా తప్పించాడు. దాన్ని ఎందుకు తప్పించి ఉంటాడన్నదానికి వ్యాసంలో కొంత చోటు ఇవ్వండి.