చలి ముదరకముందే టాపు సంగతి చూడండి

అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో పాత కన్వర్టిబుల్ కారును (పైకప్పు మడిచి తెరవగలిగే కారును) ముచ్చటపడి కొనుక్కున్నవారు అక్టోబరులో ఒక ఎండపూట దానికోసం కేటాయించుకోవాలి. నేను చెబుతున్నది 1989 నుంచి 2001 వరకు తయారైన మెర్సిడెస్ ఎస్‌ఎల్ గురించి; అభిమానులు ఆర్129 అంటారు. బటన్ పట్టుకుంటే అర నిమిషంలో గుడ్డ టాపు లేచి, మూసుకుని, గొళ్ళాలు కూడా తానే వేసుకుంటుంది. ఆ పనంతా ఆయిల్ ఒత్తిడితో చేసేవి ఒక పంపు, సన్నని గొట్టాలు, పదికి పైగా చిన్న సిలిండర్లు. సిలిండర్లలో ఆయిల్ కారకుండా ఆపే సీళ్ళు ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కుతాయి. కారును షెడ్డులో దాచినా అంతే.

ముందు అద్దం పైఅంచును తెల్లకాగితంతో తుడిచి చూడండి. అక్కడి గొళ్ళాల సిలిండర్లు కారితే ఆయిల్ సన్‌వైజర్ల (ఎండ కళ్ళలో పడకుండా దించుకునే పలకల) మీదికి, ఆపైన డ్రైవరు ఒళ్ళోకి దిగుతుంది. కాగితం జిడ్డయితే టాపు వాడకం ఆపేయండి. ఆ సిలిండర్లను విప్పి పంపిస్తే కొత్త సీళ్ళు వేసి తిరిగి పంపేవారు ఉన్నారు.

ఆయిల్ తగ్గిందని బ్రేక్ ఆయిల్ మాత్రం పోయకండి. 1950ల నాటి కొన్ని అమెరికన్ కార్ల టాపులకు అదే వాడేవారు కాబట్టి, ఆ రోజులు గుర్తున్న పెద్ద మెకానిక్ మంచి మనసుతోనే ఆ సలహా ఇవ్వవచ్చు. ఈ కారులో అది సీళ్ళను ఉబ్బించి మొత్తం వ్యవస్థను పాడుచేస్తుంది. కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి.

టాపు ఆడించేటప్పుడు ఇంజిన్ నడుస్తూ ఉండాలి. నీరసించిన బ్యాటరీతో పంపు సగంలో ఆగితే అదే పనిగా బటన్ నొక్కకండి.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసింది చేతుల గురించి. సగం లేచిన టాపును, మడిచిన టాపు ఒదిగే పెట్టె మూతను పట్టి ఉంచేది ఆయిల్ ఒత్తిడే. అది తగ్గితే మూత చెప్పకుండా దిగుతుంది. లోపల చెయ్యి పెట్టవలసి వస్తే ముందు గట్టి కర్ర ఊతంగా పెట్టి, తాళంచెవి తీసి జేబులో వేసుకోండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. వాళ్ళకు ఆ బటన్ బొమ్మలాంటిది.

మంచు పడే రోజుల్లో టాపు మడవకండి. దానికున్న ప్లాస్టిక్ కిటికీలు చలికి బిగుసుకుని మడత దగ్గర పగులుతాయి. శీతాకాలమంతా హార్డ్‌టాప్ (విడిగా తీసి పెట్టుకునే గట్టి పైకప్పు) బిగించుకునేవారు గుడ్డ టాపును మడిచే ముందు పూర్తిగా ఆరనివ్వాలి. తడితో మూతపెడితే వసంతానికి లోపల బూజు వాసనే మిగులుతుంది. హార్డ్‌టాప్ ఎత్తడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే ప్రయత్నిస్తే కారు రంగో, నడుమో, ఏదో ఒకటి పోతుంది.