కోపాన్ని గమనించే విద్య – మూడవ పాఠం: రేగిన కోపం, దాచిన కోపం

కోపం వచ్చినప్పుడు శరీరంలో కనిపించే గుర్తులను రాసుకోవడం గత పాఠంలో అభ్యసించారు. ఒక దౌర్జన్యం అప్పటికప్పుడు రేగినదా, ముందే తలపోసి చేసినదా అని విడదీయడం నేటి అభ్యాసం. ఈ విభజన చేతికి రాకుండా మెదడు రసాయనాల గురించి ఏం మాట్లాడినా గాలిమాటే అవుతుంది.

ధర్మాబాద్ మిర్చి మార్కెట్లో తూకం దగ్గర మాటామాటా పెరిగి, ఒకరు మరొకరి చొక్కా పట్టుకున్నారనుకుందాం. మెదడు లోతున బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలా ఎదుటివారి ముఖంలో ముప్పును పసిగట్టగానే, మెదడులోని మరో భాగమైన హైపోథాలమస్ ద్వారా శరీరమంతటికీ హెచ్చరిక అందుతుంది. మూత్రపిండాలపై ఉండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోన్‌ను వదలడంతో గుండె వేగం హెచ్చుతుంది. నుదుటి వెనుకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఈ ఉద్రేకాన్ని అదుపు చేయాలి, అందుకు తోడ్పడే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. మద్యం సడలించేది ఈ అదుపునే.

బిలోలి వైపు పొలంగట్టు తగాదా మనసులో పెట్టుకొని, నెల తరువాత పొరుగువాని మోటారు వైర్లు కోసిన మనిషి సంగతి వేరు. ఫిన్లాండ్‌లో హింసాత్మక నేరాలు చేసినవారి వెన్నుద్రవాన్ని పరీక్షించి శాస్త్రవేత్త మార్కు లిన్నోయిలా బృందం 1983లో ప్రకటించిన ఫలితం ఈ తేడానే చూపింది: సెరటోనిన్ విచ్ఛిన్నమయ్యాక మిగిలే పదార్థం, పథకం వేసి చేసినవారిలో కంటే ఉద్రేకంలో చేసినవారిలో తక్కువగా కనిపించింది.

అయితే అనేక అధ్యయనాలను కలిపి 2013లో చేసిన విశ్లేషణలో సెరటోనిన్‌కూ దౌర్జన్యానికీ ఉన్న సంబంధం బలహీనంగానే తేలింది. కాబట్టి “సెరటోనిన్ తగ్గింది, అందుకే కొట్టాడు” అని మీ పుస్తకంలో ఎక్కడా రాయకండి. అరటిపండ్లు తింటే కోపం చల్లారుతుందన్న సలహానూ నమ్మనక్కరలేదు. పండులోని సెరటోనిన్ రక్తం నుంచి మెదడులోకి చేరదు.

అభ్యాసం: ఈ వారం మీరు చూసిన ఒక తగాదాను, పేర్లు లేకుండా, రాయండి. రెచ్చగొట్టిన మాటకూ చేయి లేవడానికీ మధ్య ఎంతసేపు గడిచింది? చేసినవారికి దానివల్ల లాభమేమైనా ఉందా? తాగి ఉన్నారా, నిద్ర చాలలేదా? తరువాత నొచ్చుకున్నారా? కొన్ని తగాదాలు రెండు రకాలకూ చెందుతాయి. అటువంటప్పుడు బలవంతాన ఒక వైపుకు నెట్టక, రెండింటికీ ఆధారాలు రాయండి. వచ్చే పాఠంలో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ విషయాన్ని తీసుకుంటాం, అప్పుడు ఈ పుటతోనే పని ఉంటుంది.