గ్రామ పంచాయతీ ప్రణాళికలో ఏఐని జాగ్రత్తగా వాడుకోవడం ఎలా?

పంచాయతీ ప్రణాళిక ఎలా తయారవుతుందో దగ్గరగా చూసినవాళ్ళకు అందులో ఉన్న చాకిరీ తెలుసు. గ్రామసభ ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత కార్యదర్శి కూర్చుని మినిట్స్ రాయాలి, పనుల జాబితా తేల్చాలి, ఒక్కో పనికీ నిధి ఎక్కడిదో చూపాలి, అంతా పంచాయతీల ప్రణాళికలు, లెక్కలు ఉండే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో ఎక్కించాలి. మధ్యలో ఇంటిపన్ను వసూళ్ళు, పారిశుద్ధ్యం, మండలం నుంచి అడిగే రిపోర్టులు ఎలాగూ తప్పవు. అలాంటి మనిషికి ఏఐ సాయం దొరికితే వద్దనడానికి నాకు మనసొప్పదు. పంచాయతీ సిబ్బందికి కంప్యూటర్ శిక్షణ ఇచ్చే పనిలో ఉన్నాను కాబట్టి, అది ఎక్కడ ఆదుకుంటుందో, ఎక్కడ ముంచుతుందో రెండూ చూశాను. సర్పంచులకు, కార్యదర్శులకు, వార్డు సభ్యులకు, ఊరి ప్రణాళిక మీద ఆసక్తి ఉన్న ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

1. ఏ పనికి వాడతారో ముందే తీర్మానించుకోండి

ముందు ఒక కాగితం మీద రాసుకోండి. మాటలను అక్షరాల్లోకి మార్చడం, వచ్చిన అర్జీలను వార్డులవారీగా విడగొట్టడం, ఇంగ్లీషు ఉత్తర్వును తెలుగులో అర్థమయ్యేలా చెప్పించుకోవడం, లెక్కల్లో తప్పులు పట్టడం లాంటివి ఏఐకి అప్పగించవచ్చు. ఏ పని ముందు చేయాలి, ఎవరు అర్హులు అన్న రెండు ప్రశ్నలు మాత్రం దానికి ఇవ్వకండి. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణలోని 243జి అధికరణం ‘ఆర్థికాభివృద్ధి, సామాజిక న్యాయం’ కోసం ప్రణాళికలు వేసే బాధ్యతను పంచాయతీలకు అప్పగించవచ్చని చెప్పింది. సంతకం పెట్టేది సర్పంచ్, ఆమోదించేది గ్రామసభ. రేపు ఎవరైనా నిలదీస్తే జవాబు చెప్పాల్సింది కూడా వాళ్ళే.

ఈ కాగితాన్ని పంచాయతీ సమావేశంలో పెట్టి తీర్మానం చేయించుకుంటే మంచిది. మనుషులు మారినా పద్ధతి నిలబడుతుంది.

2. రికార్డు చేసే ముందు జనానికి చెప్పండి

గ్రామసభ చర్చను అక్షరాల్లోకి మార్చి, మినిట్స్ తయారు చేసే ‘సభాసార్’ అనే సాధనాన్ని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2025 ఆగస్టులో తెచ్చింది. అది కేంద్ర ప్రభుత్వ భాషా అనువాద వేదిక అయిన భాషిణి మీద నడుస్తుంది, తెలుగు కూడా తీసుకుంటుంది. ఈ-గ్రామస్వరాజ్ లాగిన్‌తోనే వాడుకోవచ్చు. ఎవరిదో తెలియని యాప్‌లో ఊరి గొంతులు పోసే బదులు ముందు దీన్ని ప్రయత్నించండి.

గ్రామసభకు చాటింపు వేయించేటప్పుడే రికార్డింగ్ సంగతి కూడా చెప్పించండి. సభ మొదలవగానే మళ్ళీ ఒకసారి చెప్పండి. ఎవరైనా ‘నా మాట రికార్డు చేయొద్దు’ అంటే ఆపేసి, చేత్తో రాసుకోండి. ఫోన్‌ను వేదిక మీద పెడితే వేదిక మీదివాళ్ళ గొంతే పడుతుంది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళ మాట పడదు. మైకు వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. ఒక్కొక్కరినీ ముందు తమ వార్డు నంబరు చెప్పి మాట్లాడమనండి. ఆ నంబరు తర్వాత మీకు ఎంతో పనికొస్తుంది.

3. యంత్రం రాసింది మాట మాటా చదవండి

దీనికి ఎక్కువ టైమ్ పెట్టండి. ఒకసారి శిక్షణలో సభ రికార్డింగ్‌ను అక్షరాల్లోకి మార్చి చూశాం. ఒక రైతు ‘చెరువు అలుగు కొట్టుకుపోయింది’ అన్నాడు. అలుగంటే నిండిన చెరువులో మిగులు నీళ్ళు బయటికి పొర్లే కట్టడం. తెర మీద ‘చెరువు అడుగు కొట్టుకుపోయింది’ అని వచ్చింది. ఒక్క అక్షరమే తేడా. కానీ అలా వదిలేస్తే అలుగు మరమ్మతు కావాల్సిన చోట జాబితాలోకి పూడికతీత ఎక్కుతుంది. వానాకాలంలో ఆ చెరువు కింది పొలాలకు ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అదే రికార్డింగ్‌లో ఇంకొకరు ‘మా బాయికాడి (బావి దగ్గరి) దారి’ అంటే ‘మా అబ్బాయి దారి’ అని రాసింది.

పత్రికల్లో కనిపించే తెలుగును ఈ సాధనాలు బాగానే పట్టుకుంటాయి. కుంట, మోరీ, తూము, శిఖం, పోరంబోకు, దొడ్డి లాంటి మాటలు, ఊళ్ళోని వాడల పేర్లు, ఇంటిపేర్లు వచ్చినప్పుడు తడబడతాయి. అందుకే మీ ఊరి మాటలతో ఒక చిన్న జాబితా తయారు చేసుకోండి. చెరువులు, కుంటలు, వాగులు, వాడలు, గుళ్ళు, బావులు, అన్నిటి పేర్లూ అందులో ఉండాలి. యంత్రం రాసిన పాఠంలో ఆ పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ వెతికి చూడండి. అనుమానం వచ్చిన చోట రికార్డింగ్ మళ్ళీ వినండి. ఊరి పెద్దమనిషిని ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే సగం పని తేలికవుతుంది.

4. సారాంశంలో ఎవరి మాట పోయిందో వెతకండి

ఏఐ సారాంశం చదవడానికి నున్నగా ఉంటుంది. అందుకే దాంట్లో లేనిది ఏమిటో కంటికి ఆనదు. ఒక సభలో పదిమందికి పైగా సీసీ రోడ్లు, వీధిదీపాల గురించి మాట్లాడారు. చివర్లో ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి, ‘మా వీధి చివరి ఆరిళ్ళకు కుళాయి నీళ్ళు ఎక్కట్లేదమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి?’ అని అడిగి కూర్చుంది. సారాంశంలో ‘గ్రామస్థులు ప్రధానంగా రోడ్లు, వీధిదీపాలు కోరారు’ అని వచ్చింది. అబద్ధం కాదు. కానీ ఆ ఆరిళ్ళు ప్రణాళికలోంచి జారిపోయాయి.

ఎక్కువమంది, ఎక్కువసార్లు అన్నది ఇలాంటి సాధనాలకు ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఊళ్ళో కష్టం ఆ లెక్కన పంచి ఉండదు. సామాజిక న్యాయం కోసం వేసే ప్రణాళికలో ఒకే ఒక్కరు అడిగిన నీళ్ళ సంగతి పదిమంది అడిగిన రోడ్డు కంటే ముందు రావచ్చు.

కాబట్టి సారాంశం అడిగే ముందు ఇలా అడగండి: ‘ఈ సభలో ఒక్కసారే వచ్చిన విషయాలన్నీ విడిగా చెప్పు. ప్రతి విషయం పక్కన వార్డు నంబరు, మాట్లాడినవాళ్ళ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా పెట్టు.’ ఆ జాబితాను మీ చేతి నోట్సుతో పోల్చండి. ఏ వార్డు పేరూ రాకపోతే ఆ వార్డుకు స్వయంగా వెళ్ళి అడగండి. కూలికి పోయి సభకు రాలేనివాళ్ళు, వలస వెళ్ళినవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు ఏ రికార్డింగ్‌లోనూ ఉండరు. వాళ్ళను వెతుక్కుంటూ వెళ్ళాల్సింది మనమే.

5. జనం వివరాలు బయటికి పోనివ్వకండి

ఆధార్ నంబర్లు, ఫోన్ నంబర్లు, పెన్షనర్ల జాబితాలు, ఎవరికి ఏ జబ్బు ఉందన్న వివరాలు ఏ ఉచిత చాట్‌బాట్‌లోనూ వేయకండి. జాబితాలో లెక్క తేల్చాలంటే పేర్లు తీసేసి ‘ఇల్లు 1, ఇల్లు 2’ అని పెట్టుకోండి. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. చట్టం సంగతి అటుంచినా, నమ్మి ఇచ్చిన వివరాలు అవి.

6. నిధులు, జీవోలు చెప్తే నమ్మకండి, సరిచూడండి

15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించాలన్న షరతు ఉండేది. మిగతా 40 శాతమే ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలుండేది. ఇలాంటి షరతు మీరు చెప్పకపోతే చాట్‌బాట్ మొత్తం డబ్బును రోడ్లకు పంచేసి పట్టిక తయారు చేసి ఇవ్వగలదు. పైన చెప్పిన ఆరిళ్ళ కుళాయి లాంటి పని ఆ 60 శాతంలోనే ఇమిడిపోయేది. ఏ ఏడాదికి ప్రణాళిక వేస్తున్నారో ఆ ఏడాది మార్గదర్శకాలు ముందు దాని ముందు పెట్టి, ఆ తర్వాత ప్రశ్న అడగండి.

జీవో నంబర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. నేను అడిగితే ఒకసారి చాట్‌బాట్ నంబరు, తేదీ, శాఖ పేరుతో సహా జీవో ఇచ్చింది. వెతికితే అలాంటి జీవోనే లేదు. ఉత్తర్వు ప్రతి మీ కళ్ళతో చూడనిదే ఫైలులో రాయకండి.

7. మ్యాపు చూపించిన చోటికి నడిచి వెళ్ళండి

ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్ మ్యాపుల మీద ఏఐ ‘ఇక్కడ ఖాళీ స్థలం ఉంది’ అని చూపిస్తుంది. ఎండాకాలంలో తీసిన చిత్రంలో చెరువు శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే నేల, ఖాళీ నేలలాగే ఉంటుంది. ఊరి శ్మశానం, పశువుల దారి, కళ్ళాలు వేసుకునే చోటు కూడా అంతే. అంగన్‌వాడీ భవనానికో, చెత్త షెడ్డుకో స్థలం ఖాయం చేసే ముందు వీఆర్వోనో, రెవెన్యూ సిబ్బందినో, పక్క పొలం రైతునో వెంటబెట్టుకుని వెళ్ళండి. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో ఆ రైతు కర్రతో గీసి చూపిస్తాడు.

8. అర్హుల ఏరివేతకు వాడకండి

ఇందులో మాత్రం నేను రాజీ పడను. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ పేరుతో వేర్వేరు శాఖల డేటాను కలిపి చూసే వ్యవస్థను రేషన్ కార్డుల అర్హత తేల్చడానికి వాడారు. పేరు కలిసిందని వేరే మనిషి కారును ఒక పేద కుటుంబం ఖాతాలో వేసిన ఉదంతం బయటికొచ్చింది. రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. మన దగ్గర ఒకే ఊళ్ళో ఒకే పేరున్నవాళ్ళు నలుగురుంటారు. ఒకే ఇంటిపేరును ఇంగ్లీషులో మూడు రకాలుగా రాస్తారు. ఇళ్ళ స్థలాలకో, పెన్షన్లకో జాబితా చేసేటప్పుడు కంప్యూటర్ ఎవరినైనా అనర్హులంటే, దాన్ని ‘వెళ్ళి చూడాల్సిన ఇల్లు’ అని మాత్రమే గుర్తు పెట్టుకోండి. ఇంటికి వెళ్ళి, వాళ్ళ మాట విని, కారణం రాతపూర్వకంగా ఇవ్వకుండా పేరు కొట్టేయకండి.

9. రిజిస్టరు పెట్టండి, సభలో చదివి వినిపించండి

ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ నగరాలు 2020లోనే తాము వాడే అల్గారిథమ్‌ల వివరాలు జనం చూసేలా రిజిస్టర్లు పెట్టాయి. మనకు వెబ్‌సైటు అక్కర్లేదు, పంచాయతీ ఆఫీసులో ఒక నోట్‌బుక్ చాలు. ఏ తేదీన, ఏ పనికి, ఏ సాధనం వాడారు, ఎవరు సరిచూశారు, ఏ తప్పు దొరికింది అని ఐదు గడులు గీసి పెట్టండి. ‘అలుగు’ ‘అడుగు’ అయిన సంగతి కూడా అందులో రాయండి. కొత్త కార్యదర్శి వచ్చినప్పుడు శిక్షణ పుస్తకంలా పనికొచ్చేది ఆ పేజీలే.

ప్రణాళికను పోర్టల్‌లో ఎక్కించే ముందు ముసాయిదాను తెలుగులో, అందరికీ అర్థమయ్యే మాటల్లో గ్రామసభలో చదవండి. ఏ భాగాలు యంత్రం సాయంతో తయారయ్యాయో చెప్పండి. ఒక్కో వార్డు పని చదివాక ఆగి, ‘మీరు అడిగింది ఇదేనా?’ అని ఆ వార్డువాళ్ళనే అడగండి. కాదంటే అక్కడికక్కడే దిద్దండి. ఒక కాపీ నోటీసు బోర్డు మీద అంటించి, అభ్యంతరాలు ఎవరికి, ఏ తేదీలోగా చెప్పాలో కింద రాయండి. ఆ సాయంత్రమే వెళ్ళేటప్పుడు ఎస్సీ కాలనీ చివరి వీధిలో ఆగి, ఆ పెద్దావిడకు తన ఆరిళ్ళ పని ఎన్నో నంబరులో ఉందో వేలు పెట్టి చూపించండి.