డివిడెండ్ అన్న మాట విని అన్వేషణ కంపెనీ షేరు కొనేముందు

బంగారం ధర పెరిగినప్పుడల్లా ఖనిజాల కోసం వెతికే చిన్న కంపెనీల షేర్లకు రెక్కలొస్తాయి. ఆ వేడిలో ఒక కంపెనీ ‘ప్రత్యేక డివిడెండ్’ ప్రకటిస్తుంది. ఇంకొకటి తన ప్రెజెంటేషన్ చివర ‘మా డివిడెండ్ విధానం’ అని ఒక స్లయిడ్ తగిలిస్తుంది. అది చూసి ఆర్డర్ పెట్టేముందు ఒక్క పూట ఆగండి.

ఈ కంపెనీలు గని తవ్వవు, గని ఉందేమోనని వెతుకుతాయి. అమ్ముకోవడానికి ఖనిజం లేదు కాబట్టి ఆదాయమూ ఉండదు. డ్రిల్లింగ్, ల్యాబ్ పరీక్షలు, లైసెన్సు ఫీజులు, జీతాలు మాత్రం ఆగవు. ఆ డబ్బు చాలావరకు కొత్త షేర్లు అమ్మి తెచ్చేదే. అందుకే ఇలాంటి కంపెనీల వార్షిక పత్రాల్లో తరచూ ఒకే మాట కనిపిస్తుంది: ఇప్పటిదాకా డివిడెండ్ ఇవ్వలేదు, దగ్గర్లో ఇచ్చే ఉద్దేశమూ లేదు. అది చదివి నీరుగారిపోనక్కర్లేదు. నా లెక్కలో ఆ పత్రం మొత్తంలో నిజాయితీగా ఉండే వాక్యం అదే. భయపడాల్సింది రెండు బోర్లు వేసి, లాభంలో ఇంత శాతం పంచుతామని చెప్పేవాళ్లను చూసి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

డివిడెండ్ నిజంగానే ప్రకటించారనుకోండి. మొదటి ప్రశ్న: ఆ డబ్బు ఎక్కడిది? రాయల్టీ మీద, అంటే వేరేవాళ్లు నడిపే గని రాబడిలో వాటాగా వస్తుంటే కొంత నమ్మొచ్చు, అదీ ఆ గని నడిచినంత కాలమే. ఎక్కువసార్లు అది ఏదో ఒక ప్రాజెక్టు అమ్మగా వచ్చిన సొమ్ము. ఒక లెక్క వేద్దాం. కంపెనీకి 10 కోట్ల షేర్లు, షేరు ధర 25 సెంట్లు. ప్రాజెక్టు అమ్మితే కోటి డాలర్లు వచ్చాయి, అందులో 50 లక్షలు పంచారు. అంటే షేరుకు 5 సెంట్లు. షేర్ల వెబ్‌సైట్లు దీన్ని 20 శాతం డివిడెండ్ రాబడి అని చూపిస్తాయి. ఆ అంకె చూసే జనం ఎగబడతారు. కానీ అమ్మిన ప్రాజెక్టును వచ్చే ఏడాది మళ్లీ అమ్మలేరు కదా. ఎక్స్-డివిడెండ్ రోజున, అంటే కొత్తగా కొన్నవాళ్లకు ఆ డివిడెండ్ రాకుండాపోయే మొదటి రోజున, షేరు కూడా ఆ 5 సెంట్లు తగ్గి 20 దగ్గర తేలుతుంది.

కథ అక్కడితో అయిపోదు. కొన్నాళ్లకు డ్రిల్లింగ్‌కు డబ్బు చాలదని రెండున్నర కోట్ల కొత్త షేర్లు 15 సెంట్లకు అమ్ముతారు, పైన వారంట్లు (ముందే ఖాయం చేసిన ధరకు తర్వాత షేర్లు కొనుక్కునే హక్కులు) కూడా ఇస్తారు. పంచింది 50 లక్షలు, మళ్లీ మార్కెట్‌ను అడిగింది 37.5 లక్షలు. మీ దగ్గర 10 లక్షల షేర్లుంటే మీ వాటా 1 శాతం నుంచి 0.8కి పడిపోయింది. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో తీసుకోవడమంటే ఇదే.

కాబట్టి డివిడెండ్ ప్రకటన కన్నా ముందు నగదు పత్రం చదవండి. ఆస్ట్రేలియా ఎక్స్ఛేంజీలో నమోదైన అన్వేషణ కంపెనీలు ప్రతి మూడు నెలలకూ అపెండిక్స్ 5బి అనే ఫారం ఇవ్వాలి. ఉన్న డబ్బు ఇంకెన్ని త్రైమాసికాలకు సరిపోతుందో చివర్లో రాయాలి. ఆ అంకె 2 కన్నా తక్కువైతే డబ్బు ఎలా తెస్తారో కూడా చెప్పాలి. నేనైతే ముందు ఆ పేజీకే వెళ్తాను. డివిడెండ్ పోగా మిగిలే డబ్బుతో కనీసం ఒక డ్రిల్లింగ్ సీజన్ గడుస్తుందా లేదా అన్నదే చూస్తాను.

చట్టం ఒప్పుకుందంటే లాభం వచ్చిందని కాదు. ఆస్ట్రేలియాలో 2010 నుంచి డివిడెండ్‌కు చూసేది అప్పుల కన్నా ఆస్తులు ఎక్కువున్నాయా, పంపకం వాటాదారులకు న్యాయంగా ఉందా, అప్పిచ్చినవాళ్లకు దెబ్బ తగులుతుందా అన్నవే. పన్ను సంగతీ ముందే కనుక్కోండి. అదే డబ్బును ‘మూలధనం వాపసు’ అని ఇస్తే పన్ను వేరుగా ఉంటుంది. కెనడా కంపెనీ విదేశీ వాటాదారుకు డివిడెండ్ ఇస్తే మామూలుగా 25 శాతం పన్ను కోసి ఇస్తుంది, ఒప్పందం ఉన్న దేశాలవారికి తక్కువ.

ఈ రంగంలో వాటాదారుకు అసలు ఫలం చాలావరకు వేరే దారిలో వస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో 2012లో నోవా నికెల్ నిక్షేపాన్ని కనుక్కున్న సిరియస్ రిసోర్సెస్‌నే చూడండి. 2015లో ఇండిపెండెన్స్ గ్రూప్ అనే గనుల కంపెనీ సిరియస్‌ను కలిపేసుకుంది. మిగతా అన్వేషణ ఆస్తులను ఎస్2 రిసోర్సెస్ అనే కొత్త కంపెనీలో పెట్టి, ఆ షేర్లను పాత వాటాదారులకు పంచారు. అలాంటివి అరుదు. వాటిని డివిడెండ్ విధానంగా ఎవరూ ముందే రాసి పెట్టరు.

ఇక తేదీలు. డివిడెండ్ ఎవరికివ్వాలో వాటాదారుల జాబితా చూసే రోజు రికార్డ్ తేదీ. ఆస్ట్రేలియాలో ఎక్స్-తేదీ (ఎక్స్-డివిడెండ్ రోజు) దానికి ఒక పనిదినం ముందుంటుంది, ఎక్స్-తేదీ నాడు కొంటే డివిడెండ్ రాదు. నాకిది డబ్బు పెట్టాకే తెలిసింది. రికార్డ్ తేదీ రేపే కదా అని ముందురోజు కొన్నాను. ధర కాస్త దిగిందని, చవగ్గా దొరికిందని సంబరపడ్డాను కూడా. దిగింది దాదాపు డివిడెండ్ అంతే.