‘డెసిమేట్’ అనే మాట మూలాన్ని వెతికి, వాడుకను తేల్చుకోవడం ఎలా?

యుద్ధమో తెగులో తుఫానో వచ్చినప్పుడల్లా ఆంగ్ల పత్రికల్లో కనిపించే ‘డెసిమేట్’ అనే క్రియకు మన అనువాదకులు ‘సర్వనాశనం చేయు’ అని రాసేస్తుంటారు. పదోవంతు చంపడమే దాని అసలు అర్థమని, మిగతాదంతా తప్పని వాదించేవారూ ఉన్నారు. ఏ పక్షం వహించాలన్నా ముందు ఆ మాట వచ్చిన దారి చూడాలి.

మొదట మాటను విడదీయండి. లాటిన్‌లో ‘డెకెమ్’ అంటే పది, ‘డెకిముస్’ అంటే పదవది, దాని నుంచి పుట్టిన ‘డెకిమారే’ అంటే పదింట ఒకటి తీయడం. డెసిమల్‌లోనూ, మార్చితో ఏడాది మొదలయ్యే పాత రోమన్ పంచాంగంలో పదో నెల అయిన డిసెంబర్‌లోనూ ఉన్నది ఈ పదే. సంస్కృత ‘దశ’కూ దీనికీ మూలం ఒక్కటే కాబట్టి, దశమి, దశాంశం అనే మాటలు ఎరిగిన తెలుగువారికి ఇది దూరపు చుట్టమే.

తరువాత ఆ మాట ఏ సందర్భంలో పుట్టిందో చూడండి. అసలు విషయం ఇక్కడే ఉంది. రోమన్ సైన్యంలో ఒక దళం యుద్ధభూమి విడిచి పారిపోతే, సుమారుగా పదిమందికి ఒకరు చొప్పున చీట్లు వేసి ఎంచి, తోటి సైనికుల చేతనే కర్రలతో కొట్టించి చంపించేవారని క్రీ.పూ. 2వ శతాబ్దపు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. బతికినవారికి గోధుమలకు బదులు బార్లీ ఇచ్చి, శిబిరం వెలుపల గుడారాలు వేసుకోమనేవారట. క్రీ.పూ. 73-71 నడుమ సాగిన స్పార్టకస్ నాయకత్వంలోని బానిసల తిరుగుబాటును అణచబోయిన రోమన్ సేనాని క్రాసస్, అప్పటికే మూలపడిన ఈ శిక్షను తిరిగి తెచ్చి, ముందుగా పారిపోయిన 500 మందిని 50 గుంపులు చేసి, గుంపుకొకరిని చంపించాడని ప్రాచీన గ్రీకు జీవితచరిత్రకారుడు ప్లూటార్క్ కథనం. దళాన్ని తుడిచిపెట్టడం ఈ శిక్ష ఉద్దేశం కాదు; మిగిలిన తొమ్మిదిమందీ భయపడి మళ్లీ పోరాడాలన్నదే ఉద్దేశం.

ఈ మాటకు పన్ను అర్థం కూడా ఉంది. 1655లో, ఇంగ్లండులో రాజు లేని కాలంలో పాలించిన క్రామ్‌వెల్ ప్రభుత్వం, రాజును సమర్థించిన పక్షంవారి ఆదాయం మీద వేసిన పదోవంతు పన్నుకు ‘డెసిమేషన్’ అనే పేరు. మన చర్చిల్లో వినిపించే ‘దశమభాగం’ వెనుకా ఇదే లెక్క ఉంది.

ఇక తేదీలు చూడాలి. ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు వంటి చారిత్రక నిఘంటువులు ఒక్కో అర్థానికీ తొలి ప్రయోగం ఏ ఏటిదో చూపిస్తాయి. ఒక సమూహంలో ఎక్కువ భాగాన్ని నశింపజేయడం అనే విస్తృతార్థం 17వ శతాబ్దంలోనే వాడుకలో కనిపిస్తుంది కాబట్టి, పదోవంతుకే కట్టుబడాలనడం నా దృష్టిలో ఛాందసమే. మాట పుట్టుక దాని చరిత్ర చెబుతుంది. నేటి అర్థాన్ని మాత్రం వాడుక నిర్ణయిస్తుంది.

అయితే పాత అర్థపు జాడ ఒకటి ఇంకా మిగిలే ఉంది: లెక్కపెట్టదగిన సమూహానికే ఈ మాట బాగా నప్పుతుంది. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా రాబందుల ఒంట్లో చేరడంతో, 1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. దీన్ని ఆంగ్లంలో డెసిమేట్ అనడం సరైనదే. తెలుగులో ‘దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి’ అనాలి. నష్టం అంత తీవ్రంగా లేని చోట ‘భారీగా తగ్గించింది’, ‘తీవ్రంగా దెబ్బతీసింది’ చాలు. ఒక్క వంతెన కూలితే డెసిమేట్ అనే మాట కుదరదు. అక్కడ డిస్ట్రాయ్ వాడాలి. ‘సగం మేరకు డెసిమేట్ అయింది’ అని శాతాలు, భిన్నాలు జోడించడమూ మానుకోవాలి, ఎందుకంటే పది అనే అంకె లోపల దాగి ఉన్న మాట పక్కన మరో అంకె చదివేవారిని తికమకపెడుతుంది. ఏమీ మిగలలేదని చెప్పదలచుకుంటే, ‘శూన్యం’ అనే అర్థమున్న లాటిన్ ‘నిహిల్’ నుంచి వచ్చిన ‘అనైహిలేట్’ ఉండనే ఉంది. దానికైతే ‘సర్వనాశనం’ అని నిశ్చింతగా రాసుకోవచ్చు.