మెష్‌లో సైన్ తప్పులు పోవాలంటే
మెష్ ప్రాబ్లమ్ (సర్క్యూట్‌లో ఒక్కో లూప్‌కి ఒక్కో కరెంట్ అనుకుని ఈక్వేషన్లు రాసే లెక్క) మొదలుపెట్టేటప్పుడే లూప్ కరెంట్లన్నీ క్లాక్‌వైజ్‌లో గీసేసుకోండి, ఒకటి అటు ఒకటి ఇటు పెట్టారంటే సైన్లు కలగాపులగం అయిపోతాయి. అప్పుడు ఏ లూప్‌కైనా అందులో ఉన్న రెసిస్టర్లన్నీ కలిపి ప్లస్, పక్క లూప్‌తో కామన్‌గా ఉన్నది మైనస్, అంతే. ఎడమ లూప్‌లో 16 వోల్ట్స్ బ్యాటరీ, 2 ఓమ్స్, రెండు లూప్‌లకీ కామన్‌గా మధ్యలో 4 ఓమ్స్, కుడి లూప్‌లో ఇంకో 4 ఓమ్స్ ఉన్నాయనుకోండి, ఎడమ లూప్ కరెంట్ ఐ1, కుడిది ఐ2 అనుకుంటే 6ఐ1 − 4ఐ2 = 16, −4ఐ1 + 8ఐ2 = 0 అని డైరెక్ట్‌గా రాసేయొచ్చు, ఐ1 = 4, ఐ2 = 2 ఆంప్స్ వస్తాయి. మధ్య రెసిస్టర్‌లో పోయేది మాత్రం 4 కాదండీ, 4 − 2 = 2, చాలామందికి మార్కులు పోయేది ఇక్కడే. ఎడమ లూప్‌లో వోల్టేజ్‌లు చెక్ చేస్తే (2 × 4) + (4 × 2) = 8 + 8 = 16, బ్యాటరీతో సరిపోయింది. ఆన్సర్ మైనస్‌లో వస్తే కంగారుపడి కొట్టేయకండి, కరెంట్ మీరు గీసినదానికి ఎదురు దిశలో పోతోందని అర్థం.